డౌన్‌లోడ్ అయితే చేశాను, డిజైన్ మాత్రం మిషన్‌లో కనిపించడం లేదు

కొర్లగుంట కుట్టుపని:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. పన్నెండేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. మగ్గం వర్క్ అడిగినవాళ్లకు బయట చేయించి ఇస్తుంటాను. అందులో నాకు మిగిలేది తక్కువ. చెప్పిన రోజుకు పని రాకపోతే మాటలు పడేది మాత్రం నేను. అందుకే ఈ ఆషాఢంలో చీటీ పాడుకుని ఎంబ్రాయిడరీ మిషన్ కొన్నాను. ఒకే సూది ఉండే ఇంటి మిషన్. ఫ్రేమ్ మీద 130, 180 అని రాసి ఉంది.

మిషన్‌లో ముందే ఉన్న పూలు, అక్షరాలు చక్కగా కుడుతోంది. మొదటి రోజే మా అమ్మాయి పేరు రుమాలు మీద కుట్టి, ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించాను. కష్టం బయటి డిజైన్లతోనే వచ్చింది.

ఆన్‌లైన్‌లో ఒకచోట 500 బ్లౌజు డిజైన్లు కలిపి అమ్ముతుంటే కొన్నాను. డబ్బు కట్టగానే లింకు వచ్చింది, ఫోన్‌లోకి డౌన్‌లోడ్ అయింది. ఇంట్లో కంప్యూటర్ లేదు. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, వాడి 64 జీబీ పెన్‌డ్రైవ్‌ను ఓటీజీతో (ఫోన్‌కు పెన్‌డ్రైవ్ తగిలించే చిన్న ముక్క) ఫోన్‌కు తగిలించి ఫైలు అందులోకి కాపీ చేశాను. దాన్ని మిషన్‌కు పెడితే తెర మీద ఏమీ రాలేదు. లీలామహల్ దగ్గర నెట్ సెంటర్‌కు తీసుకెళ్లాను. అక్కడి అబ్బాయి ఫైలు విప్పి చూస్తే లోపల డీఎస్‌టీ, ఈఎంబీ, జేపీజీ అని మూడు ఫోల్డర్లు ఉన్నాయి. మూడూ పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. మళ్లీ అంతే. ఒక వీడియోలో చూసి, ఫైలు పేరు చివర డీఎస్‌టీ అన్నది తీసేసి పీఈఎస్ అని మార్పించాను. అప్పుడూ అంతే.

ఇంకో సంగతి. మా అమ్మ దగ్గర పాత శ్రీకాళహస్తి కలంకారీ చీర ఉంది. కొంగులో నెమలి ఉంది చూడండి, మెడ వంపు దగ్గర కలం గీత ఎక్కడా తెగకుండా సాగిపోతుంది. దాన్ని ఫోటో తీసి అదీ పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. అదీ రాలేదు.

శ్రావణంలో మా ఆడబిడ్డ కూతురి పెళ్లి, తిరుచానూరులో. పెళ్లికూతురి జాకెట్టు చేతుల మీద నెమళ్లు కుట్టిస్తానని మాటిచ్చాను. ఇంకా మూడు వారాలే ఉంది. మిషన్‌లోనే ఏదైనా లోపం ఉందేమోనని రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదు. చీటీ డబ్బులు పెట్టి కొన్నది. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? కంప్యూటర్ తప్పకుండా కొనాలా? తెలిసినవాళ్లు మొదటినుంచి చెప్పండి, నాకు ఇవేవీ తెలియవు.

పీలేరు టైలర్:

ముందు ఆ 64 జీబీ పెన్‌డ్రైవ్ పక్కన పెట్టండమ్మా. 32 జీబీ దాటినవి మామూలుగా ఫైళ్లను ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో దాచేలా వస్తాయి. చాలా ఎంబ్రాయిడరీ మిషన్లకు అది చదవడం రాదు. నాకూ మొదట్లో ఇదే జరిగింది, వారం రోజులు తల పట్టుకున్నాను. 4 జీబీదో 8 జీబీదో తీసుకుని, ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేయించండి. మిగతాది పెద్దవాళ్లు చెప్తారు.

గ్రీమ్స్‌పేట కంప్యూటర్ వర్క్:

చెల్లీ, ముందు నువ్వు కడుపునిండా తిని పడుకో. మిషన్‌కు ఏమీ కాలేదు. లోపలి పూలు బాగా కుడుతోందని నువ్వే రాశావు. అంటే సూది, మోటారు, ఫ్రేమ్ అన్నీ సరిగ్గా ఉన్నట్టే. చిక్కంతా ఫైలు మిషన్ దాకా చేరే దారిలో ఉంది. ఆ దారిలో నీకు ఒకటి కాదు, నాలుగు చోట్ల అడ్డం పడింది. అందుకే ఒకటి సరిచేసినా ఫలితం కనిపించలేదు.

నాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. తొమ్మిదేళ్లుగా కంప్యూటర్ వర్క్, అంటే మిషన్ ఎంబ్రాయిడరీ, చేస్తున్నాను. నీలాగే ఒంటి సూది మిషన్‌తో మొదలుపెట్టాను, ఇప్పుడు దాని పక్కన పన్నెండు సూదులది కూడా ఉంది. నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది నువ్వు పోగొట్టుకోకుండా నేర్చుకోవాలని కాస్త వివరంగా రాస్తున్నాను.

ఫోటోతో మొదలుపెడతాను, ఎందుకంటే అది అర్థమైతే మిగతాదంతా సులువు. ఫోటో అంటే రంగు చుక్కలు, అంతే. మిషన్‌కు కావలసింది బొమ్మ కాదు, ఆజ్ఞలు. ఇక్కడినుంచి కుడికి రెండు మిల్లీమీటర్లు జరుగు, సూది దించు, మళ్లీ జరుగు, దించు, ఇక్కడ ఆగు, రంగు మార్చు. అలా వేల ఆజ్ఞలు వరసగా రాసి ఉన్నదే డిజైన్ ఫైలు. మీ అమ్మగారి చీర మీది నెమలిని అలా ఆజ్ఞలుగా మార్చే పనిని మనవాళ్లు పంచింగ్ అంటారు. ఈకకు కుట్టు ఏ వాలులో పడాలి, మెడ ముందు కుట్టాలా కన్ను ముందు కుట్టాలా, కింద పునాది కుట్లు ఎన్ని వేయాలి, ఇవన్నీ ఒక మనిషి కూర్చుని తేల్చాలి. ఆ నెమలి నీకు అంత ఇష్టమైతే పంచింగ్ చేసేవాళ్లకు ఇచ్చి చేయించుకో. ఇంక్‌స్టిచ్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కంప్యూటర్ ఉంటే దాంట్లో నువ్వే నేర్చుకోవచ్చు కూడా. అయితే మూడు వారాల్లో పెళ్లి పెట్టుకుని ఆ పని మొదలుపెట్టకు. పెళ్లయ్యాక తీరిగ్గా కూర్చో.

ఇక నువ్వు కొన్న ఫైలు. ఫోన్‌లోకి దిగింది జిప్, అంటే చాలా ఫైళ్లను ఒకటిగా కలిపి మూసిన ఫైలు. అది బీరువాకు తాళం వేసినట్టు. మిషన్ ఆ తాళం తీయలేదు, మనమే తీయాలి. దానికి నెట్ సెంటర్ కూడా అక్కర్లేదు. ఫోన్‌లో ఫైల్స్ బై గూగుల్ అనే యాప్ ఉంటుంది, అందులో జిప్ మీద నొక్కితే విప్పమంటావా అని అడుగుతుంది. విప్పాక వచ్చిన ఫోల్డర్లోంచి కావలసిన ఒక్క ఫైలును ఓటీజీ ద్వారా పెన్‌డ్రైవ్‌కు కాపీ చెయ్యి. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓటీజీ ఆన్ చేయాలి, పది నిమిషాలు ఊరికే వదిలేస్తే దానంతట అదే ఆగిపోతుంది. కాపీ అయిందనుకుని పీకేస్తే సగం ఫైలే వస్తుంది. తీసేముందు పెన్‌డ్రైవ్ తెరిచి ఫైలు ఉందో లేదో చూసుకో. అసలు జిప్‌ను మాత్రం ఫోన్‌లో అలాగే ఉంచు. పెన్‌డ్రైవ్ పోయినా మళ్లీ డబ్బు కట్టకుండా ఉంటుంది.

లోపలి మూడు ఫోల్డర్ల సంగతి. జేపీజీ అంటే డిజైన్ ఎలా ఉంటుందో చూపించే బొమ్మలు, చూసుకోవడానికే. ఈఎంబీ అన్నది విల్‌కామ్ అనే సాఫ్ట్‌వేర్ సొంత ఫైలు, పంచింగ్ చేసేవాళ్లు మార్పులు చేసుకోవడానికి వాడతారు, మిషన్ దాన్ని చదవదు. నీకు కావలసింది డీఎస్‌టీ ఫోల్డరే. ఒక్కో కంపెనీ మిషన్‌ది ఒక్కో భాష. బ్రదర్‌ది పీఈఎస్, జనోమ్‌ది జేఈఎఫ్. పెద్ద మిషన్లన్నిటికీ డీఎస్‌టీ అర్థమవుతుంది. నీది ఏ మిషనో రాయలేదు. బ్రదర్ అయితే పీఈఎస్‌తో పాటు డీఎస్‌టీ కూడా నేరుగా తీసుకుంటుంది. జనోమ్ అయితే పెన్‌డ్రైవ్ ఒకసారి మిషన్‌కే పెట్టు, చాలా మోడళ్లు వాటంతట అవే ఈఎంబీ అని ఒక ఫోల్డర్ (నీ జిప్‌లోని ఈఎంబీ ఫోల్డర్ కాదు, ఇది వేరు), దాని లోపల ఈఎంబీఎఫ్ అని ఇంకోటి తయారుచేస్తాయి. నీ ఫైలు అందులో పడితేనే దానికి కనిపిస్తుంది.

పేరు చివర అక్షరాలు మార్చడం మాత్రం ఇంకెప్పుడూ చేయకు. తమిళంలో రాసిన ఉత్తరం కవరు మీద తెలుగు అని రాసినంత మాత్రాన లోపలిది తెలుగైపోదు కదా. భాష మార్చాలంటే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి వేరే రకంగా సేవ్ చేయాలి. అలా పేరు మార్చినవన్నీ తీసేసి, జిప్‌లోంచి మళ్లీ కొత్తగా తీసుకో.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, కొత్తవాళ్లందరూ పట్టించుకోనిది: కొలత. నీ ఫ్రేమ్ 130, 180 అంటే అడ్డం 130 మిల్లీమీటర్లు, నిలువు 180. అంతకన్నా ఒక్క మిల్లీమీటర్ పెద్దదైనా మిషన్ దాన్ని కుట్టదు. కొన్ని మిషన్లు డిజైన్ పెద్దదని చెప్తాయి, కొన్ని అసలు చూపించవు. అలా అమ్మే బ్లౌజు డిజైన్లు ఎక్కువగా పెద్ద మిషన్ల కోసం చేసినవి. వీపు నెక్ ఒక్కటే అడుగు పొడవు దాకా ఉంటుంది. నీ 500లో నీ ఫ్రేమ్‌కు సరిపోయేవి కొన్నే ఉంటాయి, ఈ మాట విని కుంగిపోకు. చేతులకు బుటాలు, చిన్న నెమళ్లు, మామిడి పిందెలు, అంచు ముక్కలు, వీటిలో చాలా వరకు పనికొస్తాయి. పెద్ద నెక్‌ను ముక్కలు చేసి రెండు మూడుసార్లు ఫ్రేమ్ బిగించి కుట్టే పద్ధతి ఉంది. అందులో ఒక్క దారం మందం తేడా వచ్చినా అతుకు కనిపిస్తుంది. ఇప్పుడే దాని జోలికి వెళ్లకు.

కొలత తెలుసుకోవడానికి విల్‌కామ్ వాళ్లదే ట్రూసైజర్ అని ఉచితంగా దొరుకుతుంది. నెట్ సెంటర్‌లో ఒకసారి వేయించుకుని ఫైలు తెరిస్తే అడ్డం, నిలువు, మొత్తం కుట్లు ఎన్నో చూపిస్తుంది. ఒక నోటుపుస్తకం తీసుకెళ్లి రాసుకో. గంట కూర్చుంటే అయిపోతుంది. దీనికోసం కంప్యూటర్ కొనక్కర్లేదు, కనీసం ఈ ఏడాది అక్కర్లేదు.

పెన్‌డ్రైవ్ గురించి పీలేరు తమ్ముడు చెప్పింది సరైన మాట. కొత్తది తెచ్చి ఎంబ్రాయిడరీకి మాత్రమే ఉంచు. పాటలు, సినిమాలు, పిల్లల ప్రాజెక్టులు అందులో వేయనివ్వకు. ఫైలు పేరు పొట్టిగా, ఇంగ్లీష్ అక్షరాలు అంకెలతోనే పెట్టు, ఎనిమిది అక్షరాల లోపు అయితే ఏ మిషన్‌కైనా ఇబ్బంది ఉండదు. తెలుగు అక్షరాలు పెడితే మిషన్‌కు తెలియవు. ఫోల్డర్ లోపల ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెట్టకు.

రేపు ఇంకేమీ చేయకు. ఉన్నవాటిలో అతి చిన్న బుటా ఒక్కటి, 100 మిల్లీమీటర్ల లోపుది, ఒక్క ఫైలు మాత్రమే పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టి చూడు. ఏమైందో ఇక్కడే రాయి. నేను రాత్రి షట్టర్ వేశాక చూస్తాను.

కొర్లగుంట కుట్టుపని:

అక్కా, మీ కాళ్లకు దండం పెట్టాలనిపిస్తోంది. వచ్చింది! డిజైన్ కనిపించింది!

నాది బ్రదర్ మిషనే అక్కా. గాంధీ రోడ్డులో 8 జీబీది కొని, నెట్ సెంటర్‌లో ఫ్యాట్32 చేయించాను. ట్రూసైజర్‌లో వరసగా నలభై డిజైన్లు తెరిచి కొలతలు రాసుకున్నాను. నేను మొదటినుంచీ ఎక్కించాలని చూసిన నెక్ డిజైన్ 238, 297 ఉంది. అది ఎప్పటికీ వచ్చేది కాదన్నమాట. నలభైలో నా ఫ్రేమ్‌కు సరిపోయేవి పదకొండు. వాటిలో ఒక నెమలి 92, 88 ఉంది, మొత్తం కుట్లు 14,260. అదొక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టాను. తెర మీద నెమలి నిలబడగానే మా అబ్బాయిని కేకేసి పిలిచాను.

అయితే రెండు అనుమానాలు. బొమ్మలో నెమలి మెడ నీలం, తోక ఆకుపచ్చ. మిషన్ తెర మీద మాత్రం మెడ గులాబీ రంగు, తోక పసుపు. ఫైలు పాడైందా? రెండోది, చేతికి 92 కాస్త చిన్నదనిపిస్తోంది. 120 చేసుకోవచ్చా?

నగరి పాత ఆపరేటర్:

ఫైలు పాడవలేదు తల్లీ. డీఎస్‌టీలో రంగు ఉండదు. ఇక్కడ ఆగు, రంగు మార్చు అని మాత్రమే ఉంటుంది. ఏ రంగు అన్నది ఆపరేటర్ చూసుకోవాలి. నీ మిషన్ దానికి తోచిన రంగులు తెర మీద పూసుకుంది. సూదిలో నువ్వు ఏ దారం ఎక్కిస్తే అదే గుడ్డ మీద పడుతుంది.

ఇది ఎందుకిలా అంటే, డీఎస్‌టీ జపాన్‌లోని తజిమా కంపెనీ పెద్ద మిషన్ల కోసం వచ్చిన పద్ధతి. ఆ మిషన్లలో రీళ్లు వరసగా పైన బిగించి ఉంటాయి, ఏ సూదికి ఏ రంగో మనిషి ముందే పెట్టుకుంటాడు. ఫైలుకు దాంతో పనిలేదు. నేను తొంభైల్లో మద్రాసులో ఆపరేటర్‌గా చేరాను. మాకు డిజైన్లు ఫ్లాపీలో వచ్చేవి. మా మేస్త్రీ అంతకు ముందు కాగితపు టేపు మీద చిల్లులతో డిజైన్ నడిపిన మనిషి. ఆ చిల్లులు పొడవడమే పంచింగ్. టేపు పోయింది, ఫ్లాపీ పోయింది, మాట మాత్రం మన నోట్లో అలాగే ఉంది.

డీఎస్‌టీలో ఒక్కో కుట్టుకు మూడు బైట్లు పడతాయి. నీ 14,260 కుట్ల నెమలి 43 కేబీ లోపే ఉంటుంది, చూసుకో. 1.44 ఎంబీ ఫ్లాపీలో అలాంటివి ముప్పై పట్టేవి. నీ 8 జీబీ పెన్‌డ్రైవ్ నీ మనవరాళ్ల కాలానికి కూడా నిండదు.

ఒక్కటి గుర్తుపెట్టుకో. డీఎస్‌టీలో ఒక అడుగు 12.1 మిల్లీమీటర్లు దాటదు. అంతకన్నా దూరం పోవాలంటే జంపుల మీద జంపులు వేస్తుంది, అంటే కుట్టు వేయకుండా దూకుతుంది. పెద్ద మిషన్ ఆ జంపులు చూసి దారం తెంపుకుంటుంది. ఇంటి మిషన్ కొన్నిసార్లు తెంపకుండా లాక్కుంటూ పోతుంది. నెమలి కాలి నుంచి తోకకు అడ్డంగా దారం కనిపిస్తే భయపడకు, రంగు మారేలోపు చిన్న కత్తెరతో తీసేయి. దాని మీద తర్వాతి కుట్లు పడ్డాయంటే ఇక బయటికి రాదు.

గ్రీమ్స్‌పేట కంప్యూటర్ వర్క్:

పెద్దాయన చెప్పాక రంగుల గురించి నేను చెప్పాల్సింది కొంచెమే. కొన్ని జిప్‌లలో రంగుల వరస రాసిన పీడీఎఫ్ ఉంటుంది, నీ దాంట్లో వెతుకు. లేకపోతే జేపీజీ బొమ్మ పక్కన పెట్టుకుని, మిషన్ తెర మీద ఒక్కో భాగం చూస్తూ వరస రాసుకో: ఒకటి ఆకుపచ్చ తోక, రెండు నీలం మెడ, మూడు జరీ అంచు, ఇలా. నేను ప్రతి డిజైన్‌కూ ఒక పేజీ పెట్టి, ఫైలు పేరు, కొలత, కుట్లు, రంగుల వరస, ఏ గుడ్డ మీద కుట్టానో రాస్తాను. పక్కన ట్రయల్ ముక్క పిన్ను చేస్తాను. ఆ పుస్తకమే నా దుకాణం.

సైజు మాట వచ్చింది కాబట్టి, ఇది నిదానంగా చదువు. 92ను 120 చేస్తే ముప్పై శాతం పెరిగినట్టు. చేయకు.

కారణం చెప్తాను. నిండుగా కుట్టే చోట వరసకూ వరసకూ మధ్య మామూలుగా 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇలాంటి ఫైలును ఊరికే సాగదీస్తే కుట్ల లెక్క పెరగదు, ఉన్న కుట్లే దూరం దూరంగా జరుగుతాయి. నేను మొదటి ఏడాది ఒక తామర పువ్వును 90 నుంచి 135కు పెంచాను. ముదురు ఆకుపచ్చ పట్టు జాకెట్టు, పసుపు రేకులు. తెర మీద ఎంతో బాగుంది. కుట్టాక చూస్తే రేకుల మధ్య ఆకుపచ్చ గీతలు, చాప సందుల్లోంచి నేల కనబడ్డట్టు. 0.4 కాస్తా 0.6 అయింది. ఆ జాకెట్టు చిత్తూరులో ఒక టీచరమ్మది, మర్నాడు గృహప్రవేశం. రాత్రంతా వెనక వైపు బాబిన్ దారం (మిషన్ కింది నుంచి వచ్చే దారం) బ్లేడుతో కోసి, ముందు వైపు పోగు పోగు లాగాను. పట్టు మీద సూది చిల్లులు మాత్రం పోలేదు. గుడ్డ నేనే కొనిచ్చాను.

తగ్గించడం ఇంకా ప్రమాదం. 60 ఉన్న మామిడి పిందెను 40 చేశాను, వరసలు 0.27కు వచ్చేశాయి. పిందె అట్టముక్కలా బిగిసిపోయింది, సూది విరిగింది, కింద బాబిన్ దగ్గర దారం పిచ్చుక గూడులా చుట్టుకుంది. పది శాతం లోపు అయితే పర్వాలేదు, మహా అయితే ఇరవై. అంతకు మించి కావాలంటే అదే డిజైన్ ఆ సైజులో పంచింగ్ చేసినది తీసుకోవాలి. మంచి అమ్మకందారులు ఒకే డిజైన్‌ను మూడు నాలుగు సైజుల్లో ఇస్తారు.

నీ నెమలిని 92కే ఉంచి, కింద రెండు చిన్న బుటాలు చేర్చు. చెయ్యి నిండుగా కనిపిస్తుంది, పట్టు కూడా మెత్తగా ఉంటుంది.

జాకెట్టు మీద పెట్టే ముందు అదే పట్టు ముక్క మీద, గుడ్డ ముడుచుకోకుండా అడుగున వేసే అదే బ్యాకింగ్ పేపర్‌ను కింద పెట్టి, అవే దారాలతో ఒకసారి పూర్తిగా కుట్టి చూడు. కాటన్ ముక్క మీద చూసి పట్టు మీదికి వెళ్లకు, రెండూ ఒకేలా లాగవు. వెంకటగిరి చీర లాంటి పలచటి గుడ్డ అయితే పేపర్ రెండు పొరలు. జరీ దారానికి సూది 14 నంబరు వేసి, వేగం బాగా తగ్గించు. మామూలు దారానికి 11 చాలు. 14,260 కుట్లు నిమిషానికి 600 చొప్పున లెక్కేస్తే ఇరవై నాలుగు నిమిషాలు. ఒంటి సూది కాబట్టి ప్రతి రంగుకూ ఆపి దారం మార్చాలి, నలభై నిమిషాలు పట్టినా ఆశ్చర్యపోకు. రేటు చెప్పేటప్పుడు ఆ నలభై నిమిషాలకే చెప్పాలి, ఇరవై నాలుగుకు కాదు.

చంద్రగిరి స్టిచింగ్:

అక్కా, ఆ 500 డిజైన్ల జిప్ మాకు కూడా వాట్సాప్‌లో పెడతారా? నేనూ కొత్తగా మిషన్ తీసుకున్నాను. ఇక్కడున్న అందరికీ ఉపయోగపడుతుంది.

గ్రీమ్స్‌పేట కంప్యూటర్ వర్క్:

చంద్రగిరి చెల్లీ, తప్పుగా అనుకోకు, అది వద్దు. కొన్నవాళ్లు ఆ డిజైన్‌తో కుట్టి జాకెట్టు అమ్ముకోవచ్చని చాలామంది ఒప్పుకుంటారు, ఫైలును పంచడానికి మాత్రం ఒప్పుకోరు. కొనేటప్పుడు రాసి ఉంటుంది, చదువు. ఒక నెమలి పంచింగ్ చేయడానికి ఒక మనిషి రోజంతా కూర్చుంటాడు. మనం కుట్టిన జాకెట్టు కూలి ఎగ్గొడితే మనకు ఎంత కడుపు మండుతుందో వాళ్లకూ అంతే.

వందల రూపాయలకే పది వేల డిజైన్లు అని గ్రూపుల్లో తిరిగేవి కూడా కొనకు. ఎవరివో ఎత్తుకొచ్చినవి అవి. పైగా ఎవరు ఎలా సాగదీసి పెట్టారో తెలియదు, నా తామర పువ్వు లాంటివి ఎన్నో ఉంటాయి అందులో. నీ మిషన్ కంపెనీ వాళ్ల సైట్లో ఉచితంగా ఇచ్చేవి ఏమైనా ఉన్నాయేమో చూడు. ముందు మిషన్ లోపల ఉన్నవాటితో చెయ్యి తిప్పుకో. నీ ఫ్రేమ్ కొలత ఇక్కడ రాస్తే ఏ సైజువి చూడాలో చెప్తాను.

కొర్లగుంట కుట్టుపని:

అక్కా, ట్రయల్ కుట్టాను. పట్టు ముక్క మీదే, మీరు చెప్పినట్టు. మొదటిసారి బ్యాకింగ్ పేపర్ ఒక పొరే పెట్టాను, తోక చివర గుడ్డ కాస్త ముడుచుకుంది. రెండు పొరలు పెట్టి ఫ్రేమ్ డప్పులా బిగించి మళ్లీ కుట్టాను, సాఫీగా వచ్చింది. పెద్దాయన చెప్పినట్టు కాలి నుంచి తోకకు దారం లాగింది. అప్పటికే కత్తెర చేతిలో పట్టుకుని కూర్చున్నాను. నలభై మూడు నిమిషాలు పట్టింది. జరీ రెండుసార్లు తెగింది, వేగం తగ్గించాక తెగలేదు.

మా ఆడబిడ్డ చూసి, ఇది నువ్వు కుట్టిందేనా అని రెండుసార్లు అడిగింది. అమ్మ చీర నెమలిని పెళ్లయ్యాక పంచింగ్‌కు ఇస్తాను, మనసు దాని మీదే ఉంది.

ఒక్కటే అడగాలి. కుడి చేతి నెమలి ముందుకు చూస్తోంది. ఎడమ చేతికి కూడా ఇదే ఫైలు కుడితే అది వెనక్కి చూస్తుంది కదా? ఇంకో ఫైలు కొనాలా? మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలి? మా వీధిలో సాయంత్రం పూట తరచుగా పోతోంది.

గ్రీమ్స్‌పేట కంప్యూటర్ వర్క్:

ఏమీ కొనక్కర్లేదు. మిషన్ తెర మీద మార్పులు చేసే చోట, రెండు త్రికోణాలు ఎదురెదురుగా ఉన్న గుర్తు చూడు, అది నొక్కితే అద్దంలో చూసినట్టు తిరుగుతుంది. తిప్పాక ఒకసారి తెర మీద చూసి, జాకెట్టు ముక్క మీద సుద్దతో బాణం గీసి, నెమలి ముక్కు ఆ బాణం వైపే ఉందో లేదో సరిచూసుకో. రెండు చేతులకూ మడత గీత నుంచి ఒకే దూరంలో చుక్క పెట్టుకో, సూది ఆ చుక్క మీదికి వచ్చాకే స్టార్ట్ నొక్కు.

కరెంటు పోతుందని తెలిస్తే పొద్దున పూటే పెట్టుకో. పోయినా గుడ్డను ఫ్రేమ్‌లోంచి మాత్రం విప్పకు. రంగు మారినప్పుడల్లా తెర మీద ఉన్న కుట్ల అంకె కాగితం మీద రాసుకుంటూ ఉండు. కరెంటు వచ్చాక సూది గుర్తు పక్కన ప్లస్, మైనస్ ఉంటాయి, వాటితో ఆ అంకె దగ్గరికి పోయి, నాలుగైదు కుట్లు వెనక్కి జరిగి అక్కడినుంచి మొదలుపెట్టు.

రెండు చేతులూ అయ్యాక ఫోటో పెట్టు.